రాణీ రంగు చీర మెరూన్ ఎందుకైంది?

"బాబూ, ఇది మా పిల్ల కట్టిన చీర కాదు."

ఆల్బమ్ మూడో షీటు మీద వేలు పెట్టి పెళ్లికూతురి తల్లి అన్న మాట ఇది. తలంబ్రాల ఫొటో. పిల్ల కట్టింది రాణీ రంగు పట్టు, ఆల్బమ్‌లో ఉన్నది మెరూన్. ముహూర్తం పొద్దున పదిన్నరకి, పందిట్లోకి ఎండ బాగా పడుతోంది. ఫొటోలో మొహాలు మాత్రం దీపాల వేళ తీసినట్టున్నాయి. ఆవిడ లోపలికెళ్లి జాకెట్టు ముక్క తెచ్చి షీటు పక్కన పెట్టింది. ఇంక నేను వాదించడానికేమీ మిగల్లేదు.

మాది ఖమ్మం. పెళ్లిళ్లకు ఫొటోలు తీస్తాను, ఆల్బమ్ డిజైనింగ్ కూడా నేనే చేసుకుంటాను. ప్రింటింగ్ మాత్రం హైదరాబాద్ ల్యాబ్‌కి పంపుతాను. సహజంగానే కోపమంతా ల్యాబ్ మీదికి మళ్లింది. ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను. అవతల ఆపరేటర్ కుర్రాడు అంతా విని, "అన్నా, నువ్ పంపిన ఫైలే అట్లుంది. నీ మానిటర్ బ్రైట్‌నెస్ ఎంత పెట్టుకున్నవ్?" అన్నాడు. చూస్తే వంద. కొన్న రోజు నుంచీ వందే.

ఆ కుర్రాడి ప్రశ్న పట్టుకుని లాగితే డొంకంతా కదిలింది. తెరకు సొంత వెలుగుంది, కాగితానికి లేదు, గదిలో వెలుతురు ఎంత పడితే అంతే చూపిస్తుంది. తెర వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. మామూలు మానిటర్లు ఫుల్ బ్రైట్‌నెస్‌లో 250 నుంచి 350 నిట్స్ దాకా వెలుగుతాయి. ప్రింటు కోసం ఫొటో దిద్దేవాళ్లు 80 నుంచి 120 నిట్స్ మధ్య పెట్టుకుంటారు. అంటే రెండు మూడింతల వెలుగులో కూర్చుని, ఫొటో ఎక్కువ తెల్లబోయిందనుకుని ఎక్స్‌పోజర్ తగ్గిస్తూ వచ్చానన్నమాట. పైగా నా తెరలో తెలుపు నీలంగా ఉండేది. చర్మం పాలిపోయినట్టు కనిపిస్తోందని ప్రతి ఫొటోకీ కాస్త పసుపు కలిపేవాణ్ణి. రాణీ రంగులో పసుపు కలిస్తే ఎరుపు వైపు జరుగుతుంది, దాని మీద వెలుగు తగ్గిస్తే మెరూన్ అవుతుంది. చీర రంగు మార్చింది ల్యాబ్ కాదు, నేనే.

బ్రైట్‌నెస్ 30కి దించి అదే మానిటర్‌తో నెట్టుకొద్దామని చూశాను. అది బిల్లింగ్ కోసం కంప్యూటర్‌తో పాటు తీసుకున్న 22 అంగుళాల టీఎన్ ప్యానెల్, అంటే చవక రకం తెర. కుర్చీలో వెనక్కి వాలితే ఒక రంగు, ముందుకు వంగితే ఇంకో రంగు. ఒకే బూడిదరంగు తెర నిండా పెడితే పైన ముదురుగా, కింద లేతగా ఉంది. దీన్ని నమ్ముకుని ఇన్నేళ్లు మనుషుల చర్మం రంగు దిద్దానంటే నా ధైర్యాన్ని మెచ్చుకోవాలి. కొత్త మానిటర్ కొనక తప్పదు, ఏది కొనాలో మాత్రం తేల్చుకోలేకపోయాను. "లక్ష పెట్టి లెన్స్ కొనేటప్పుడు రెండో ఆలోచన చేయవు, దీనికి నెల్రోజులా?" అని మా ఆవిడ. 30 వేల లోపు అనుకున్నాం.

డబ్బాల మీద అంకెలు చదవడం నేర్చుకోవడానికే రెండు వారాలు పట్టింది. ముందు మోసపోయింది '72 శాతం ఎన్‌టీఎస్‌సీ' దగ్గర. ఎన్‌టీఎస్‌సీ అంటే పాత టీవీల కాలం నాటి రంగుల కొలత, తెర ఎన్ని రంగులు చూపగలదో దాంతో పోల్చి చెబుతారు. తక్కువనుకుని పక్కన పెట్టాను. తీరా చూస్తే అది ఇంచుమించు నూటికి నూరు ఎస్‌ఆర్‌జీబీతో, అంటే కంప్యూటర్లలో మామూలుగా వాడే రంగుల పరిధితో సమానం. '45 శాతం ఎన్‌టీఎస్‌సీ' అని ఉంటే మాత్రం దండం పెట్టి పక్కకు జరగడమే, ఎరుపులన్నీ ఇటుక రంగులో కనిపిస్తాయి. ఇంకోటి '125 శాతం ఎస్‌ఆర్‌జీబీ'. అది వైశాల్యం లెక్క మాత్రమే. ఎస్‌ఆర్‌జీబీలో ఉన్న రంగులన్నిటినీ కప్పుతుందో లేదో ఆ అంకె చెప్పదు. అడగాల్సింది కవరేజ్, అంటే ఆ రంగుల్లో ఎంత శాతం నిజంగా చూపిస్తుందన్నది. ప్యానెల్ సంగతి త్వరగానే తేలింది. వీఏ రకం తెరలో నలుపు బాగా చిక్కగా ఉంటుంది గానీ పక్కకు జరిగితే నీడల్లో తేడా వస్తుంది. అందుకే పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని ఐపీఎస్ రకం.

అసలు పీటముడి పడింది అడోబీ ఆర్‌జీబీ దగ్గర. అది ఎస్‌ఆర్‌జీబీ కంటే పెద్ద రంగుల పరిధి. బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ సిరీస్, ఐజో కలర్‌ఎడ్జ్ లాంటి ఖరీదైన మానిటర్లు అడోబీ ఆర్‌జీబీని దాదాపు మొత్తం చూపిస్తాయి. ఎస్‌ఆర్‌జీబీ కంటే అందులో ఎక్కువగా ఉండేవి ఆకుపచ్చలు, నీలం కలిసిన ఆకుపచ్చలు. మన పెళ్లిళ్లలో నెమలికంఠం పట్టుకు ఏం తక్కువ? బడ్జెట్ రెట్టింపు చేద్దామా అని రెండు రాత్రులు కొట్టుకున్నాను. చివరికి మళ్లీ ఆ ల్యాబ్ కుర్రాడికే ఫోన్. ఈసారి గొంతు తగ్గించి. "ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ పంపు అన్నా, మా దగ్గర అందరిదీ అదే. కరెక్షన్ వద్దని ఫైల్ పేర్లోనే రాయి, లేకుంటే ఇక్కడ మావాళ్లు కూడా ఓ చెయ్యి వేస్తరు." ప్రింటుకు పోయేదే ఎస్‌ఆర్‌జీబీ అయినప్పుడు, కాగితం మీదికి రాని నెమలికంఠాన్ని నా గదిలో నేనొక్కణ్ణే చూసి మురిసిపోవడానికి ఇంకో 30 వేలెందుకు? ప్రదర్శనల కోసం ఇంక్‌జెట్‌లో సొంతంగా ప్రింటు తీసుకునేవాళ్ల సంగతి వేరు.

సైజు విషయంలో అల్ట్రావైడ్ మీద మనసు లాగింది. కరిజ్మా ఆల్బమ్ షీటు 12 బై 36, ఒకటికి మూడు కొలత. దానికి పొడుగాటి తెర బాగా నప్పుతుంది. కానీ నా డబ్బుకు దొరికేవన్నీ వంపు తెరలే. మండపం స్తంభాలు నిటారుగా ఉన్నాయా లేదా అన్నది వంగిన తెర మీద ఎలా తేల్చను? 27 అంగుళాల్లో ఫోర్‌కే కూడా చూశాను. నా పాత కంప్యూటర్ దాన్ని మోయలేదనిపించి 2560 బై 1440 దగ్గర ఆగాను. 27 అంగుళాలకు అది అంగుళానికి 109 పిక్సెళ్లు. కళ్లజోడు పెట్టుకునే నాకు చాలు.

శాతవాహన రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాను, పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి. సంచిలో మూడు వస్తువులు: నేను ల్యాబ్‌కి పంపిన అసలు ఫైలున్న పెన్‌డ్రైవ్, తిట్లు తిన్న ఆ మూడో షీటు, జాకెట్టు ముక్క. షాపులో కుర్రాడు ముందు గేమింగ్ మానిటర్ చూపించాడు. 165 హెర్ట్జ్, హెచ్‌డీఆర్, ఇంకా ఏవేవో. నా ఫైలు తెరిచాను. పెళ్లికూతురు మెరిసిపోతోంది, చీర గులాబీలా ఉంది, అచ్చం మా ఇంట్లో మానిటర్‌లో ఉన్నట్టే. చేతిలో ఉన్న షీటుకూ దానికీ పోలికే లేదు.

రెండోది ఫొటో, వీడియో పనివాళ్ల కోసమని అమ్మేది. దాన్ని రీసెట్ చేయించి, ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టించి, బ్రైట్‌నెస్ బాగా తగ్గించమన్నాను. కొన్ని మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ బిగుసుకుపోతుంది, మార్చనివ్వదు. అలాంటిది కొంటే చిక్కే. ఇది మార్చనిచ్చింది. ఫైలు తెరిస్తే మసక మొహాలు, మెరూన్ చీర. షీటు పక్కన పెట్టాను. రెండూ ఒకటే.

"సార్, దీంట్ల మీ ఫొటో మంచిగ కనబడ్తలేదు కదా" అన్నాడు కుర్రాడు, పాపం. "అందుకే ఇది కావాలి తమ్ముడూ" అంటే వాడికి అర్థం కాలేదు. జాకెట్టు ముక్క మాత్రం ఎందుకూ పనికిరాలేదు. షాపు లైట్ల కింద అదే ఇంకో రంగులోకి మారిపోయింది. పట్టు మెరుపు ఏ తెర మీదికీ రాదు. మానిటర్ చీరతో పోటీ పడక్కర్లేదు, ల్యాబ్ కాగితంతో మాట కలిస్తే చాలు.

నల్ల తెర పెట్టి అంచుల్లో వెలుగు కారుతోందా అని చూడటానికి షాపు లైట్లు ఆర్పమంటే ఓనర్ ఒప్పుకోలేదు. ఆ కుర్రాడే ఖాళీ అట్టపెట్టె తెచ్చి తెర మీద గొడుగులా పట్టాడు. ఒక మూల కొంచెం ఉంది. ఐపీఎస్‌లో ఆ మాత్రం ఉంటుందని సరిపెట్టుకున్నాను. 28 వేలకు బేరం తెగింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే అదొక్కటే కొంటారు, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లడం మర్చిపోతారు.

ఇంటికొచ్చి హెచ్‌డీఎంఐ తగిలిస్తే నలుపంతా బూడిద పూసినట్టుంది. గుండె జారింది. గంటసేపు కుస్తీ పడితే తేలిందేమిటంటే, గ్రాఫిక్స్ కార్డు దీన్ని టీవీ అనుకుని 0 నుంచి 255కి బదులు 16 నుంచి 235 దాకానే పంపుతోంది. సెట్టింగ్‌లో 'ఫుల్' అని మార్చగానే దారికొచ్చింది. తర్వాత డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌కి మారాను.

తెర రంగుల్ని కొలిచి సరిచేసే కాలిబ్రేషన్ పరికరం ఒక్కడినే కొనాలంటే బరువే. మా ఊళ్లో నలుగురం ఫొటోగ్రాఫర్లం తలా ఇంత వేసుకుని కొన్నాం, నెలకోసారి ఇంటింటికీ తిరుగుతుంది. తెరను అరగంట వెలిగించి ఉంచి, దాన్ని ముందు వేలాడదీస్తే ఒక్కో రంగునూ కొలుచుకుని, తేడాల్ని సరిదిద్దే ప్రొఫైల్ ఫైలు తయారుచేస్తుంది. తెలుపు 6500 కెల్విన్, గామా (నలుపు నుంచి తెలుపు దాకా మధ్య ఛాయల వెలుగు తీరు) 2.2, వెలుగు 100 నిట్స్ పెట్టాను. మొదటి రెండ్రోజులు తెలుపంతా పసుపు నీళ్లలో ముంచినట్టు కనిపించింది. మూడో రోజుకు కళ్లు అలవాటుపడి, పాత మానిటరే నీలంగా కనిపించడం మొదలైంది.

ఇంకా ఏదో తేడా. నా గది గోడలు చిలకాకుపచ్చ. ఆ రంగు తెర మీదా, నా తెల్లచొక్కా మీదా పడుతోంది. బూడిదరంగు వేయమంటే పెయింటర్, "సిమెంటు పూసినట్టుంటదన్నా, కొత్త గోడకు ఇదేం ఖర్మ" అన్నాడు. అయినా వేయించాను.

అదే ఫైలు మొదటి నుంచి దిద్ది, 'కరెక్షన్ వద్దు' అని పేరు పెట్టి మూడో షీటు ఒక్కటే ప్రింటుకు పంపాను. నాలుగో రోజు కవర్ వచ్చింది. తెర పక్కన పట్టుకుని చూశాను. కాగితం మీద రాణీ రంగు ఒక పిసరు నెమ్మదించింది గానీ రాణీ రంగే. మొహాల మీద పొద్దుటి ఎండ ఉంది.

జాకెట్టు ముక్క, షీటు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ వరండాలోకి తెచ్చుకుని, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"చీర సరే బాబూ. మా వియ్యపురాలిని ఇంత పెద్దగా ఎందుకేశావు?"