మూడు గంటల పాఠం

ఏసీఎల్, ఈఎమ్‌ఎన్‌ఎల్‌పీ వంటి ఏఐ సదస్సులకు ట్యుటోరియల్ (అక్కడ చెప్పే మూడు గంటల పాఠం) ప్రతిపాదన రాయడం పరిశోధన పత్రం రాయడంలాంటిది కాదు. పత్రంలో మన గొప్ప మనం చెప్పుకోవచ్చు. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు; మూడు గంటల్లో ఇతరుల పరిశోధనకూ తగినంత చోటివ్వాలి. పరిచయ పాఠమో సరికొత్త అంశమో తేల్చాలి, వినేవాళ్లు ముందే ఏమి చదివి రావాలో జాబితా ఇవ్వాలి. ఆ జాబితా దగ్గరే సహ బోధకురాలితో నాకు పెద్ద వాదన. (గెలిచింది ఆవిడే.)

అంగీకారం వచ్చాక ఆ పాఠాన్ని ముందుగా భీమవరంలో ఇంజనీరింగ్ పిల్లల ముందు చెప్పి చూశాను. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి 1 బైటు చాలు. తెలుగులో హల్లుకు 3, గుణింతపు గుర్తుకు మరో 3. అంటే 'కో'కు 6. బోర్డు మీద ఇది వేయగానే వెనక బెంచీ అమ్మాయి లేచింది.

"అయితే ఏఐని మన భాషలో అడిగితే డబ్బు ఎక్కువ కట్టాలా సార్?"

బైట్లను టోకెన్లుగా, అంటే ఏఐ చదివి లెక్కగట్టే ముక్కలుగా, ఎలా కలుపుతారన్నదాన్ని బట్టి ఉంటుంది, చాలాసార్లు అవుననే చెప్పాలి. రొయ్యల చెరువుల ప్రాంతం మరి, ఆలోచన ముందు రేటు దగ్గరికే వెళుతుంది! సదస్సులో మొదటి గంటంతా ఆ ప్రశ్న చుట్టూనే నడిపాను. సమీకరణాలను విరామం తర్వాతికి జరిపాను.