గొంతు మీద రెండు కొవ్వొత్తులు

ఫిబ్రవరి 3న కతోలిక దేవాలయాల్లో పూజ చివర జనం మళ్లీ వరుస కడతారు. ముందు రోజు ఆశీర్వదించిన రెండు కొవ్వొత్తులను ఫాదర్‌గారు వెలిగించకుండా అడ్డంగా కలిపి పట్టుకుని, ఒక్కొక్కరి గొంతుకు ఆనించి ప్రార్థిస్తారు. పునీత (చనిపోయాక శ్రీసభ, అంటే కతోలిక సంఘం, పవిత్రుడిగా గౌరవించే) బ్లెయిజ్ వేడుదల వల్ల దేవుడు నిన్ను గొంతు జబ్బుల నుంచి, మిగతా రోగాలన్నిటి నుంచి కాపాడాలని ఆ ప్రార్థన సారం. కాపాడేది దేవుడే. బ్లెయిజ్ పని అడగడం వరకే.

బ్లెయిజ్ నాలుగో శతాబ్దం మొదట్లో అర్మేనియాలోని సెబాస్తె బిషప్. ఆ ఊరు ఇప్పుడు తుర్కియేలోని సివాస్. గొంతులో చేపముల్లు ఇరుక్కుని ఊపిరాడని పిల్లవాడు ఆయన ప్రార్థనతో బతికాడని సంప్రదాయం. ఈ కథలు ఆయన పోయిన చాలాకాలానికి రాసినవి కాబట్టి ప్రతి మాటా చరిత్ర అని నేను వాదించను. కానీ కథలో ఒక విషయం నన్ను వదలదు. ఎవరి బిడ్డనో బతికించిన ఆ మనిషిని, ఉన్ని దువ్వే ఇనుప దువ్వెనలతో ఒళ్లంతా చీల్చి, తల నరికి చంపారు.

మన ఇళ్లలో ఒకే కుటుంబంలో ఆర్‌సీఎం (కతోలిక) వాళ్లూ ఉంటారు, పెంతెకోస్తు వాళ్లూ ఉంటారు. "యేసయ్య ఉండగా పునీతులెందుకు?" అనే ప్రశ్న భోజనాల దగ్గరైనా వస్తుంది. దేవునికీ మనుషులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే అని పెంతెకోస్తు వాళ్లు బైబిల్లో 1 తిమోతి 2:5 చూపిస్తారు. నిజమే, అందులో మా కతోలికులకూ సందేహం లేదు. అయితే అదే అధ్యాయం మొదలయ్యేది ఎలా? అందరికోసం విజ్ఞాపనలు చేయండని. క్రీస్తు ఒక్కడే మధ్యవర్తి అయినంత మాత్రాన ఒకరికోసం ఒకరు ప్రార్థించడం ఆగదు. ఆపరేషన్ ముందు రోజు పాస్టర్‌గారికి ఫోన్ చేసి "మా నాన్న కోసం ప్రార్థన చేయండి" అని అడగని విశ్వాసి ఎవరు? తేడా ఉన్నదల్లా చనిపోయినవాళ్లను అడగొచ్చా అన్న దగ్గరే. దేవుడు సజీవుల దేవుడని చనిపోయినవాళ్లు తిరిగి లేవరనే సద్దూకయ్యులతో యేసు అన్న మాటను మేము అక్షరాలా నమ్ముతాం. క్రీస్తులో కన్నుమూసినవాళ్లు మాకు పరాయివాళ్లు కారు.

మార్కు 2వ అధ్యాయంలో నలుగురు ఒక పక్షవాత రోగిని మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి కిందికి దించుతారు. "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంది అక్కడ. రోగి నోట ఒక్క మాట కూడా లేదు. పెద్ద జబ్బు చేసినవాళ్లను దగ్గరగా చూసినవారికి ఇది తెలుస్తుంది. నొప్పి ముదిరితే ప్రార్థన నోట్లోకి రాదు, టెన్షన్‌లో దేవుడి మీద కోపం కూడా వస్తుంది. అప్పుడు మోసేవాళ్లు కావాలి. ఆ మోసేవాళ్లలో పునీతులూ ఉన్నారని మా నమ్మకం.

దీన్ని బేరం కింద మార్చేవాళ్లూ ఉన్నారు. గొంతుకు ఒకరు, కంటికి ఒకరు, పోయిన వస్తువుకు ఒకరు అని పునీతులను స్పెషలిస్టు డాక్టర్ల జాబితాలా అప్పజెప్పడం నాకు నచ్చదు. మందులు మానేసి మొక్కుల మీదే ఉండమని శ్రీసభ ఎప్పుడూ చెప్పదు. ఫ్రాన్స్‌లోని లూర్దు పుణ్యక్షేత్రంలోనైతే స్వస్థతలను పరిశీలించడానికి డాక్టర్ల కార్యాలయమే ఉంది. అక్కడ స్వస్థత పొందామని చెప్పినవారు 7,000 మందికి పైనే. అందులో శ్రీసభ అద్భుతమని ఒప్పుకున్న 70వది 2018లో వచ్చింది. అంటే లూర్దుకు వెళ్లిన రోగుల్లో అత్యధికులు జబ్బుతోనే తిరిగొచ్చారు. అయినా మళ్లీ వెళ్తున్నారు. విజయవాడ గుణదలలో ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే లూర్దుమాత ఉత్సవాలకు కొండ ఎక్కేవాళ్లలోనూ నయమైనవాళ్లే ఉండరు.

1858లో లూర్దు గుహ దగ్గర మరియమాతను చూసిన బెర్నదెత్‌కు చిన్నప్పటి నుంచీ ఆస్తమా. ఆ తర్వాత నెవేర్ మఠంలో చేరి, ఓపిక ఉన్నన్నాళ్లు రోగుల గదిలో సేవ చేసింది. ఎముకలకు క్షయ సోకి 1879లో 35 ఏళ్లకే చనిపోయింది. ఇప్పుడు రోగులు తమ పాలక పునీతురాలిగా తలుచుకునేది ఈమెనే.