ఒకడు చదువుతాడు, ఒకడికి అర్థమవుతుంది

2020 ఏప్రిల్‌లో మారిషస్‌లో సూపర్‌మార్కెట్‌కి వెళ్ళాలంటే ముందు ఇంటిపేరు చూసుకోవాల్సి వచ్చేది. మార్చి 20న లాక్‌డౌన్ మొదలైంది. కొన్నాళ్ళు షాపులన్నీ మూసేసి, తెరిచేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలని మూడు ముక్కలు చేశారు. ఏ నుంచి ఎఫ్ దాకా సోమ, గురువారాలు. జీ నుంచి ఎన్ దాకా మంగళ, శుక్రవారాలు. మిగతా వాళ్ళకి బుధ, శనివారాలు. మా ఆయన ఇంటిపేరు జీతో మొదలవుతుంది. నాది వీ, ఎందుకంటే పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవడానికి నేను బద్ధకించాను. నా బద్ధకం వల్ల ఇంట్లో ఎవరికైనా లాభం జరిగింది అదొక్కసారే. వీధిలో అందరూ వారానికి రెండు రోజులు వెళ్తుంటే మా ఇంటి సంచీ నాలుగు రోజులు బయటికి వెళ్ళేది.

గోడ అవతలి పెద్దమ్మకి ఇది అంతుపట్టలేదు. "మీ ఇద్దరికీ వేరువేరు పేర్లేమిటి, పెళ్ళి కాలేదా?" అని ఇక్కడి వాడుక భాష క్రియోల్‌లో అడిగేసింది. నేను నవ్వు ఆపుకుని, మా వైపు మనిషి పేరుకి ముందు ఇంటిపేరు అని ఒకటి ఉంటుందని, అది తరతరాలుగా వస్తుందని చెప్పాను. "మనుషులకి సరే, ఇంటికి పేరెందుకు?" అంది.

ఆవిడ ఇంటిపేరు నిజానికి ఇంటిపేరు కాదు. ఎప్పుడో ఓడ దిగిన తాతల తాత సొంత పేరు. రేవులో గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకుని, చివర రెండు 'ఓ'లు తగిలించాడు. ఆ తర్వాత పుట్టినవాళ్ళందరికీ అదే ఇంటిపేరైపోయింది. ఈ దీవిలో అప్పన్నలూ రామన్నలూ అందరూ ఇలాగే ఇంటిపేర్లై కూర్చున్నారు.

పెద్దమ్మ తెలుగావిడ. తెలుగు మాత్రం రాదు. ఈ రెండు వాక్యాలూ ఇక్కడ పక్కపక్కనే నిలబడతాయని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. 2011లో మా ఆయనకి ఎబెన్ సైబర్‌సిటీలో ఉద్యోగం వచ్చి, కాత్ర్ బోర్న్‌లో ఇల్లు తీసుకున్నాం. ఉగాదికి ఈ దేశంలో ప్రభుత్వ సెలవని, 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఇక్కడే జరిగాయని తెలిసి పొంగిపోయాను. మొదటి ఉగాదికి పక్కింటికి పచ్చడి పట్టుకెళ్ళి గడగడా మాట్లాడేశాను. పెద్దమ్మ "నమస్కారం" అంది. తర్వాత చేతులు తిప్పి, "మో పా కోనే" అంది. నాకు తెలియదు అని. ఆ పచ్చడిలో మామిడికాయ కూడా లేదు. ఇక్కడ రుతువులు తలకిందులు. ఉగాది నాటికి మామిడి సీజన్ దాటిపోయి, చలికాలం వైపు నడుస్తుంటాం. వసంతం వచ్చిందని పిల్లలకి చెప్పాలంటే కిటికీ మూసి చెప్పాలి.

పాత రోజుల్లో మన వాళ్ళని ఇక్కడ 'కోరంగి' అనేవారట. కోరంగి రేవు నుంచి ఓడెక్కి వచ్చారు కాబట్టి. నేను కాకినాడ పిల్లని. నాకు కోరంగి అంటే మడ అడవులు, స్కూల్ పిక్నిక్, పులిహోర పొట్లం. అది మనుషుల పేరు కూడా అయిందని తెలుసుకోవడానికి ఇంత సముద్రం దాటి రావాల్సి వచ్చింది.

ఇక మా ఇంటి సంగతి. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ఇక్కడే పుట్టారు. అమ్మాయికి పన్నెండు నిండాయి, వాడికి తొమ్మిది. స్కూల్లో పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. టీచరు వివరించేది ఫ్రెంచిలో. ఆటలూ బూతులూ క్రియోల్‌లో. తెలుగు నాతో, అదీ ఏదైనా కావాల్సి వచ్చినప్పుడు. అక్కాతమ్ముళ్ళు కొట్టుకుంటే క్రియోల్‌లో కొట్టుకుంటారు, నా దగ్గరికి ఫిర్యాదు మాత్రం తెలుగులో వస్తుంది. నేను న్యాయం చెప్పేసరికి మళ్ళీ క్రియోల్‌లోకి వెళ్ళిపోతారు. మొదట్లో నాకు ఇది పెద్ద టెన్షన్. ఇంట్లో క్రియోల్ మాట్లాడితే ఐదు రూపాయల జరిమానా అని గోడ మీద కాగితం అంటించాను. వారంలో అందరికంటే ఎక్కువ కట్టింది నేనే. కూరగాయల పేర్లు నా నోట్లోంచి క్రియోల్‌లోనే వచ్చేసేవి.

అవి పూర్తిగా పరాయి మాటలని కూడా అనలేను. కొత్తిమీరని ఇక్కడ కోతోమిలి అంటారు. కరివేపాకు కారీపులే. మునగాకు బ్రెడ్ మురుమ్, బీరకాయ పిపంగాయ్. అన్నీ తమిళం దారిలో వచ్చి చేరినవి. ఎవరికైనా చేయి కాలితే నల్లవాళ్ళూ చైనావాళ్ళూ అందరూ "ఆయో" అనే అంటారు. మా వాడు మాత్రం "అయ్యో" మనం వాళ్ళ దగ్గర నేర్చుకున్నామని కొన్నాళ్ళు నమ్మాడు.

నేను సిగ్గుపడే సంగతి ఒకటుంది. మొదటి ఏడాది పెద్దమ్మ వాళ్ళింట్లో రామభజనకి పిలిచారు. మధ్యలో దీపం పెట్టి, దాని చుట్టూ తిరుగుతూ రాత్రంతా పాడతారు. ఒక పెద్దాయన ఎత్తుకున్నాడు. పాట తెలుగే, పలికే తీరు మాత్రం క్రియోల్. 'ళ'లు లేవు, ఒత్తులు లేవు, పదం ఎక్కడ విరగాలో అక్కడ విరగదు. నేను మా ఆయన వైపు చూసి నవ్వాను. చిన్నగానే, కానీ పెద్దమ్మ చూసింది. ఏమీ అనలేదు, ప్రసాదం రెండు గరిటెలు ఎక్కువే వేసింది. ఇంటికొచ్చాక నెమ్మదిగా తెలిసింది నాకు, ఆ పాటల్లో సగం నేను ఎప్పుడూ విననేలేదని. సింహాద్రి అప్పన్న మీద ఆ పెద్దాయన వరసగా పాడుతుంటే, విశాఖకి మూడు గంటల దూరంలో పుట్టిన నాకు ఒక్క చరణం రాదు. వాళ్ళు అర్థం పోగొట్టుకుని పాట ఉంచుకున్నారు. నేను అర్థం ఉంది కదా అని పాటని పట్టించుకోలేదు. మా అమ్మాయి ఇప్పుడు ఆ భజనల్లో పాడుతుంది, వాళ్ళ యాసలోనే. సరిదిద్దడం మానేశాను.

బంధువులు అనుకునేది వేరు. "మీకేంటే, హనీమూన్ ప్లేసులో కాపురం" అంటారు. మేం సముద్రానికి నెలకి ఒకసారి వెళ్తే ఎక్కువ. ఎత్తు మీద ఊళ్ళు కాబట్టి జులైలో స్వెట్టర్లు, వానాకాలంలో బీరువాలో చెప్పులకి బూజు. నవంబరు నుంచి తుఫానుల భయం. ఇక్కడ తుఫాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు తరగతులు. నాలుగంటే గాలి గంటకి 120 కిలోమీటర్ల వేగం అందుకున్నట్టే, బయట అడుగు పెట్టకూడదు. కాకినాడ రేవులో అయితే పదో నంబరు దాకా, ఆ పైన కూడా ఉంటాయి. 2024 జనవరిలో బెలాల్ తుఫానుకి పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోతుంటే అమ్మ టీవీలో చూసి ఫోన్ చేసింది. "ఎన్నో నంబరు ఎగరేశారే?" అని అడిగింది. మూడు అన్నాను. "మూడేనా, అయితే ఫరవాలేదులే, పడుకో" అని పెట్టేసింది. పిల్లలకి ఈ భయం లేదు. రెండో తరగతి హెచ్చరిక వచ్చిందంటే బడి ఉండదని వాళ్ళకి తెలుసు. బక్కెట్లు నింపడం, కొవ్వొత్తులు వెతకడం, ఫోన్లు చార్జింగ్ పెట్టడం నాకంటే వాళ్ళకే బాగా వచ్చు. ఊరు వాళ్ళదే అనిపిస్తుంది అప్పుడు.

కాగితాల మీద మాత్రం కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరు కూడా ఇక్కడి పౌరులు కాకపోతే, ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. విదేశంలో పుట్టిన బిడ్డ జననాన్ని ఏడాదిలోగా భారత హైకమిషన్‌లో నమోదు చేయించాలి. అమ్మాయి విషయంలో మేం పదకొండో నెలలో పరుగెత్తాం, తప్పు మాదే. ఇప్పుడు వాళ్ళిద్దరూ భారతీయులు, మా ఆయన ఆక్యుపేషన్ పర్మిట్‌కి తోకలు. ఆయన ఉద్యోగం ఉన్నంత కాలం వాళ్ళకి ఈ ఊరు. 2024 మార్చిలో ఇక్కడి జాతీయ దినోత్సవానికి వచ్చిన మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, భారత మూలాలున్న మారిషస్ వాళ్ళకి ఏడో తరం వరకూ ఓసీఐ (ఓవర్సీస్ సిటిజెన్ ఆఫ్ ఇండియా) కార్డు ఇచ్చే ఏర్పాటు చేశామని ప్రకటించారు. పెద్దమ్మ ఆ సాయంత్రమే గోడ దగ్గరికి వచ్చింది. ఇండియా ఎప్పుడూ చూడని ఆవిడ మనవడికి ఇండియాలో ఎన్నాళ్ళైనా ఉండే కార్డు రావచ్చు. ఇక్కడే పుట్టి, ఇక్కడి జెండాకి నాలుగు రంగులూ వరసతప్పకుండా వేసే మా అమ్మాయికి ఇక్కడ ఉండటానికి పర్మిట్ కావాలి. మా అమ్మాయికి ఇది పెద్ద అన్యాయంగా తోచింది. నాకు కూడా, కానీ పైకి అనలేదు.

ఒకసారి స్కూల్లో ఆప్రవాసీ ఘాట్‌కి తీసుకెళ్ళారు. 1834 నుంచి ఒప్పంద కూలీలుగా వచ్చిన వాళ్ళు, దాదాపు ఐదు లక్షల మంది, దిగిన చోటు. రేవు దగ్గర ఆ పదహారు మెట్లు ఇప్పటికీ ఉన్నాయి. మర్నాడు 'మా పూర్వీకుల ప్రయాణం' మీద వ్యాసం రాయమన్నారు. మా అమ్మాయి వచ్చి, "మనవాళ్ళు ఏ ఓడలో వచ్చారమ్మా?" అంది. మనం ముంబయి మీదుగా విమానంలో వచ్చాం అన్నాను. మొహం ముడుచుకుని వెళ్ళిపోయింది. తర్వాత చూస్తే ఒక ఓడ కల్పించేసింది. అందులో వాళ్ళ నాన్న లాప్‌టాప్ సంచీతో ఆ మెట్లెక్కుతున్నాడు. టీచరు కింద ఎర్ర పెన్నుతో రెండు ప్రశ్నార్థకాలు పెట్టింది.

మా వాడికీ పెద్దమ్మ మనవడికీ ఒకే వయసు. ఆ అబ్బాయి ప్రభుత్వ బడిలో చదువుతాడు. అక్కడ పిల్లలు హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ లాంటి వాటిలో ఒకటి తీసుకోవచ్చు, 2012 నుంచి క్రియోల్ కూడా. వాడిది తెలుగు. అక్షరాలు అచ్చు గుద్దినట్టు రాస్తాడు, గుణింతాలు తప్పు పోవు. చదివినదాంట్లో ఒక్క ముక్క అర్థం కాదు. మా వాడికి అన్నీ అర్థమవుతాయి, అమ్మమ్మతో గంటసేపు వాదిస్తాడు, 'అ' రాయమంటే మాత్రం ఎటు నుంచి మొదలెట్టాలో తెలీదు. వాడి బడిలో తెలుగు లేదు, ఇంట్లో నేర్పుతానన్న తల్లి ఏటా జనవరిలో కొత్త పలక కొంటుంది.

పోయిన సెలవుల్లో పెద్దమ్మ ఒక కాగితం పట్టుకొచ్చింది. మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో పాత వలస రికార్డులు దాచి ఉంచారు. తాతల తాతది అక్కడ దొరికిందట. నకలులో ఆయన పేరు, ఎత్తు, వయసు. జిల్లా విజగపటం, అంటే మన విశాఖపట్నం. ఊరి పేరు దగ్గర సీ, ఓ, టీ, టీ అని నాలుగు అక్షరాలు కనిపిస్తున్నాయి. ఆ తర్వాత సిరా చెరిగిపోయింది. "ఇదేం ఊరో నువ్వు చెప్పగలవు" అంది, నేనేదో ఆ ఊరి కరణాన్నైనట్టు. నేను ఫోటో తీసి అమ్మకి పంపాను. గంటన్నర తేడా, అక్కడ భోజనాలైపోయాయి. అమ్మకి ఇలాంటివంటే ప్రాణం. అరగంటలో వాట్సాప్‌లో తెలుగులో జవాబు.

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఫోన్ వరండాలో పిల్లల చేతిలో పడింది. పెద్దమ్మ మనవడు కూడబలుక్కుని చదువుతున్నాడు, ప్రతి అక్షరాన్నీ విడిగా నిలబెట్టి. "కొ-త్త-పే-ట. కొ-త్తూ-రు. కొ-త్త-వ-ల-స." మా వాడు పక్కనుంచి పెద్దమ్మకి క్రియోల్‌లో చెబుతున్నాడు. కొత్త అంటే కొత్తది. ఊరు అంటే ఊరు. పేట అంటే... అదీ ఊరే, చిన్నది.

"మూడూ కొత్త ఊళ్ళేనా?" అంది పెద్దమ్మ. ఆవిడ పుట్టింది దక్షిణాన నువెల్ ఫ్రాన్స్ అనే ఊళ్ళో. "అదీ కొత్తదే కదా, కొత్త ఫ్రాన్స్" అని తనే నవ్వింది.

"అమ్మా, వలస అంటే?" మా వాడు లోపలికి కేకేశాడు.

ఉత్తరాంధ్రలో వలస అని ముగిసే ఊళ్ళు బోలెడు. చిన్నప్పుడు బస్సు బోర్డుల మీద ఎన్నిసార్లో చదివాను, ఆగి ఆలోచించింది లేదు. గరిటె పక్కన పెట్టి బయటికొచ్చాను. "ఒక చోటి నుంచి లేచి వెళ్ళి ఇంకోచోట ఉండిపోవడం" అన్నాను. వాడు అది క్రియోల్‌లోకి తిప్పి ఆవిడకి చెప్పాడు. నేను చెప్పినదానికంటే పొడుగ్గా చెప్పాడు, మధ్యలో నాన్న పేరు కూడా వినిపించింది.

పెద్దమ్మ కాసేపు కాగితం చూసింది. "అదే అయ్యుంటుంది. అదే రాయి" అంది మనవడితో.

వాడు నకలు వెనక పెన్సిల్‌తో గుండ్రంగా రాశాడు. కొత్తవలస. మా వాడు వాడి భుజం మీద నుంచి తొంగి చూస్తూ, ఎటు నుంచి మొదలెట్టావో మళ్ళీ చూపించు అన్నాడు.