బ్రూనో పన్ను పీకించాం

మా బ్రూనో లాబ్రడార్. ఒళ్లు చూస్తే ఇంత, ధైర్యం మాత్రం లేదు. డాక్టరు కనిపిస్తే బల్ల కింద దూరతాడు. దీపావళి టపాసులన్నా, గంగమ్మ జాతర డప్పులన్నా అంతే.

మూడో ఏట మొదటిసారి ఫిట్స్ వచ్చింది. పక్కకి పడిపోయి, సైకిల్ తొక్కినట్టు కాళ్లు కొట్టుకున్నాడు. నోట్లో నురగ, కింద మూత్రం. పక్కింటి పెద్దమ్మ తాళాల గుత్తి పట్టుకొని పరిగెత్తుకొచ్చింది. వచ్చాక కుక్కకి ఎక్కడ పట్టించాలో తెలియక పాపం అలాగే నిలబడిపోయింది. ఆ సమయంలో తలకి దెబ్బ తగలకుండా చూడాలి, నోటి దగ్గర చెయ్యి పెట్టకూడదు, గడియారం చూసుకోవాలి. 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. మావాడిది అంతదాకా పోలేదు.

పరీక్షల్లో కారణమేమీ తేలలేదు. 12 గంటలకోసారి ఫిట్స్ రాకుండా గార్డినాల్ మాత్ర మొదలుపెట్టారు. మొదట్లో తూలేవాడు, అది తగ్గింది. ఆకలి మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.

అసలు టెన్షన్ పన్ను విరిగినప్పుడు. పీకాలంటే మత్తివ్వాలి. ఒక క్లినిక్‌లో ఫిట్స్ సంగతేమీ అడక్కుండానే సిరంజి తీశారు. మేమే చెబితే "ఏం కాదులెండి" అన్నారు. లేచి వచ్చేశాం.

తర్వాత చూపించిన డాక్టరమ్మ ముందు పాత చీటీలన్నీ చదివింది. ఫిట్స్ ఉన్న కుక్కలకి ఏస్‌ప్రోమజిన్ అనే మత్తుమందు ఇవ్వకూడదని చాలాకాలం అనేవాళ్లట. తర్వాత పాత కేసుల రికార్డులు తిరగేస్తే దానివల్ల ఫిట్స్ పెరిగిన దాఖలా కనపడలేదట. ఆమె అభ్యంతరం వేరే. "ఆ మందుతో ఒళ్లు కదలదమ్మా, భయం మాత్రం లోపల అలాగే ఉంటుంది. చప్పుడుకి ఇంకా ఉలిక్కిపడొచ్చు." అందుకే ముందురోజు రాత్రి, ఆరోజు పొద్దున ఇంట్లోనే వేయమని భయం తగ్గించే గాబాపెంటిన్, ట్రాజోడోన్ మాత్రలు రాసిచ్చింది. గాబాపెంటిన్ మనుషుల సిరప్ వద్దంది, కొన్నింట్లో తీపి కోసం కలిపే జైలిటాల్ ఉంటుంది, అది కుక్కలకి విషం. కడుపు ఖాళీగా తీసుకురమ్మంటూనే గార్డినాల్ మాత్రం కాస్త తిండిలో పెట్టి తప్పకుండా వేయమంది. ఆ పూట అది మానేస్తేనే ఫిట్స్ భయం ఎక్కువట.

నాలుకకి ఆక్సిజన్ చూసే క్లిప్పు, ముందు కాలికి సూది. పన్ను వచ్చేసింది. మెలకువ వస్తుండగా మళ్లీ కాళ్లు ఆడించడం మొదలుపెట్టాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరమ్మ ఫిట్స్ ఆపే మిడజోలామ్ సిరంజి చేతిలోకి తీసుకుని, "పేరు పెట్టి పిలువమ్మా" అంది. "బ్రూనో" అన్నాను. చెవి ఇటు తిరిగింది. "ఫిట్స్ కాదు, మత్తు దిగుతోంది" అని సిరంజి పక్కన పెట్టేసింది.

కొన్నాళ్లు పెరుగన్నంతో గడిపాం, పుండు మానింది. ఇప్పుడు దీపావళికి భయం తగ్గించే మాత్ర టపాసులు మొదలవకముందే వేస్తాం. గార్డినాల్ ఎంత పనిచేస్తోందో, లివర్ ఎలా ఉందో రక్తపరీక్ష చేయిస్తుంటాం. మందుల షాపులో చీటీ చూసి "పేషెంటు పేరు?" అని అడుగుతారు. బ్రూనో అంటే ఇంటిపేరు కూడా కావాలంటారు.