ఖాళీ సీడీ మీద "మ్యూజిక్" అని ఉంటే మామూలు డేటా సీడీ కంటే పాట బాగా వస్తుందా?

రాదు. కంప్యూటర్‌లో పాటలు రైట్ చేసేవాళ్లు దానికోసం ఎక్కువ పైసలు పెట్టాల్సిన పని లేదు. డిస్కు మీదికి ఎక్కేది అంకెలే, మ్యూజిక్ డిస్కు మీద ఎక్కినా డేటా డిస్కు మీద ఎక్కినా అవే అంకెలు.

మా మేనత్త దేవరకొండ దగ్గర వాళ్ల ఊర్లో పాడిన బతుకమ్మ పాటలు పాత క్యాసెట్లలో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇంట్లో తలా ఒక సీడీ ఇద్దామని, నల్లగొండలో ఖాళీ సీడీలు ఇంకా అమ్మే షాపు వెతుక్కుని పోతే "మ్యూజిక్‌ది తీస్కో అన్నా, సౌండ్ మంచిగ వస్తది" అన్నాడు షాపతను. చాలామంది అట్లనే అనుకుంటారు, ఆయన్ని అనాల్సిందేం లేదు.

అసలు సంగతేంటంటే, ప్రతి ఖాళీ సీడీలో తయారుచేసేటప్పుడే ఒక సన్నటి గాడి వేస్తారు, అది ఏ రకం డిస్కో చెప్పే కోడ్ ఆ గాడిలోనే ఉంటుంది. స్టీరియోకు తగిలించుకుని ఇంట్లో పాటలు రికార్డ్ చేసుకునే సీడీ రికార్డర్లని కొన్ని వచ్చాయి, అవి మ్యూజిక్ కోడ్ ఉన్న డిస్కు పెడితేనే రాస్తాయి. కంప్యూటర్ రైటర్ ఆ కోడ్‌ను పట్టించుకోదు. అమెరికాలో 1992లో వచ్చిన ఆడియో హోమ్ రికార్డింగ్ యాక్ట్ ప్రకారం ఇలాంటి ఖాళీ డిస్కులు తయారుచేసేవాళ్లు, దిగుమతి చేసుకునేవాళ్లు తమ అమ్మకం ధరలో 3 శాతం రాయల్టీగా కట్టాలి, అది పాటల హక్కుదారులకు పోతుంది. మ్యూజిక్ డిస్కు వెనక ఉన్న కథ ఇదీ, సౌండ్‌తో దానికి సంబంధం లేదు.

మరి పట్టించుకోవాల్సింది ఏది? ఎలా రైట్ చేస్తున్నామన్నది. 80 నిమిషాల సీడీలో సెకనుకు 75 సెక్టార్లు (అంటే అంకెలు రాసే చిన్న ముక్కలు), ఒక్కో సెక్టార్‌లో 2352 బైట్లు. ఆడియో సీడీగా రాస్తే ఆ 2352 బైట్లూ పాటకే పోతాయి. డేటాగా రాస్తే 2048 బైట్లే మన ఫైలుకు, మిగతా 304లో ఎక్కువ భాగం తప్పులు పట్టుకుని సరిచేయడానికే. ఎందుకంటే పాటలో ఎక్కడో చిన్న ముక్క చదవరాకపోతే ప్లేయర్ అటూ ఇటూ చూసి అందాజాగా పూడ్చేస్తుంది, మన చెవికి తెలియను కూడా తెలియదు, కానీ ఫైలులో ఒక్క బైటు తప్పినా ఆ ఫైలు మొత్తం తెరుచుకోకపోవచ్చు. అందుకే అదే డిస్కు ఆడియోకైతే దాదాపు 847 మెగాబైట్లు పడుతుంది, డేటాకైతే దాదాపు 737, కంప్యూటర్ 1024 లెక్కలో అది 700 చిల్లర కాబట్టి అట్ట మీద 700 అని రాస్తారు.

అత్తమ్మ పాటల విషయంలో నాకు ముఖ్యం అనిపించింది ఇదే. పాలమూరులో మా బావ కారులో ఉన్న పాత ప్లేయర్ ఆడియో సీడీ తప్ప ఇంకోటి పాడదు, కాబట్టి వినడానికి ఆడియో సీడీ. దాచుకోవడానికి మాత్రం అవే పాటలు వేవ్ ఫైళ్లుగా (కుదించకుండా) డేటా డిస్కులో, ఇంకో కాపీ హార్డ్‌డిస్కులో. ఎంపీ3 చేస్తే ఒక్క సీడీలో వంద పాటల పైనే పడతాయి, కాని క్యాసెట్‌లో అసలే అరిగిపోయిన గొంతును మళ్లీ కుదించడం నాకు ఇష్టం లేదు. కోరస్‌లో ఆడవాళ్లు "ఉయ్యాలో" అని అందుకునే చోట చప్పట్ల చప్పుడు కూడా ఉంది, అది పోకూడదు.

రైట్ చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో డిస్క్-ఎట్-వన్స్ (డిస్కు మొత్తం ఆపకుండా ఒకేసారి రాసే పద్ధతి) పెట్టుకోండి, పాటకు పాటకు మధ్య వద్దన్నా వచ్చే రెండు సెకన్ల ఖాళీ తప్పుతుంది. పేరు రాయడానికి బాల్‌పెన్ వాడొద్దు, మెరిసే పొర పైవైపు లేబుల్ కిందనే పల్చగా ఉంటుంది, గీత పడితే అక్కడికి డిస్కు పోయినట్టే. సీడీ మార్కర్ వాడండి. ఎండ తగిలితే లోపలి రంగు పాడవుతుంది, మన నల్లగొండ ఎండల్లో కారు డాష్‌బోర్డు మీద మాత్రం వదలొద్దు.