గమ్ బూట్లతో గట్ల మీద

నవంబర్ వానలు పడితే చాలు, మా ఇందుకూరుపేట వైపు గట్ల మీద నడవాలని కాళ్లు లాగేస్తాయి. ఈశాన్య రుతుపవనాలే మా నెల్లూరుకి అసలు వానాకాలం. పిక్కల దాకా వచ్చే రబ్బరు గమ్ బూట్లు తొడుక్కుంటే బురదని చూసి ఆగాల్సిన పని లేదు. కాలవలో దిగొచ్చు, తుమ్మకంపల పక్కనుంచీ పోవచ్చు. గడ్డిలో పాముంటుందేమోనన్న టెన్షన్ కూడా సగం తగ్గుతుంది. నీళ్లు నిండిన మళ్లలో కొంగలు, దూరంగా రొయ్యల గుంటల్లో నీళ్లకి గాలి అందించే ఏరేటర్ల చప్పుడు. ఎంత నడిచినా తనివి తీరదు.

కష్టమూ ఉంది. రబ్బరుకి గాలాడదు. బయట చుక్క నీరు లోపలికి రాకపోయినా చెమటకే సాక్సు తడిసిపోతుంది. బూటు అంచు పిక్కని ఒరుస్తుంది, మడమ దగ్గర బొబ్బ లేస్తుంది. రేగడి మన్ను అడుగున పట్టిందంటే ఒక్కో కాలూ రాయి కట్టినట్టే. "ఏందినా, వాటితో మైపాడు బీచి దాకా పోతావా?" అని నాట్లేసేవాళ్లు అడుగుతుంటారు. వాళ్లు మాత్రం వట్టికాళ్లతోనే పొద్దంతా ఆ బురదలో ఉంటారు. అది చూస్తే మనసు చివుక్కుమంటుంది.

మోకాలి దాకా వచ్చే సాక్సు వేసుకోండి. ఇంటికొచ్చాక బూట్లు కడిగి నీడలో బోర్లించండి, ఎండకి రబ్బరు పగులుతుంది. మళ్లీ తొడుక్కునే ముందు తప్పకుండా దులపండి, లోపల తేలు దూరొచ్చు.