కార్పల్ టనల్ ఆపరేషన్ తర్వాత: నా చేతికి నేను వేసుకున్న మార్కులు

ఆపరేషన్ అయిన రాత్రే తేడా తెలిసింది. అర్ధరాత్రి లేచి చెయ్యి విదిలించుకోవాల్సిన పని పడలేదు. కోత దగ్గర సలుపు ఉంది గానీ, వేళ్లలో ఆ మంట, సూదులు గుచ్చినట్టుండే తిమ్మిరి లేవు. అంతమాత్రాన చెయ్యి బాగైపోయిందనుకోకూడదు. నిద్ర ముందొస్తుంది, స్పర్శ మెల్లగా వస్తుంది, పట్టు అన్నిటికంటే సతాయిస్తుంది. ఇది ముందే తెలియకపోతే మూడో వారంలో ఆపరేషన్ ఫెయిలైందేమోనని హడలిపోతాం.

మణికట్టు దగ్గర ఎముకల మధ్య ఇరుకు సందు ఉంటుంది, దాన్నే కార్పల్ టనల్ అంటారు. దానిమీద గట్టి లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టే పట్టీ, ఇంటి కప్పులా పరుచుకుని ఉంటుంది. వేళ్లు ముడిచే 9 టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లలాంటివి), బొటనవేలు, చూపుడు వేలు వైపు స్పర్శనిచ్చే మీడియన్ నరం అందులోంచే పోతాయి. ఆ ఇరుకులో నరం నొక్కుకుపోతేనే మంట, తిమ్మిరి. ఆపరేషన్‌లో ఆ కప్పును కోసి వదులు చేస్తారు. నాకు కుడిచేతికి, సుమారు 3 సెంటీమీటర్ల కోతతో, చేతివరకే మత్తిచ్చి చేశారు. ఒత్తిడి తగ్గగానే నరానికి రక్తం బాగా అందుతుంది, అందుకే రాత్రి బాధ ముందు పోతుంది. లోపలి నరపు పోగులు దెబ్బతిని ఉంటే మాత్రం అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరగాలి. మణికట్టు నుంచి వేలి కొసదాకా కొలిచి చూసుకుంటే ఎన్ని నెలలో అర్థమవుతుంది. బొటనవేలి మొదట్లో కండ కరిగిపోయేదాకా ఆగినవాళ్లకు ఆ కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

ఎలా ఉందో రోజూ మనసుకు తోచినట్టు చెప్పుకుంటే లాభం లేదు. 1993లో వచ్చిన బోస్టన్ ప్రశ్నావళి దీనికోసమే ఉంది. బాధ గురించి 11 ప్రశ్నలు, పనుల గురించి 8. ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, 1 అంటే ఇబ్బందే లేదు. రాయడం, బొత్తాలు పెట్టుకోవడం, ఫోన్ పట్టుకోవడం, సీసా మూత తిప్పడం, సంచి మోయడం లాంటివి అడుగుతుంది. ఆపరేషన్ ముందు బాధకు 40, పనులకు 23 వచ్చాయి. 2 వారాలకు బాధ 22కి దిగింది, పనులు 29కి ఎక్కాయి. కోత మానుతుండగా పనుల మార్కు ఇలా చెడటం మామూలే. రెండూ కలిపేసి చూస్తే ఏమీ తేలదు, విడివిడిగా రాసుకోవాలి.

మొదటి 2 రోజులు చెయ్యి గుండెకంటే ఎత్తులో, పడుకున్నప్పుడు దిండుమీద. జోలె కట్టుకుని రోజంతా వేలాడదీస్తే భుజం బిగుసుకుపోతుంది. వేళ్లు మాత్రం మొదటిరోజు నుంచే గంటకోసారి పదిసార్లు పూర్తిగా ముడిచి తెరవాలి. నొప్పని కదపకపోతే టెండన్లు చుట్టుపక్కలకు అతుక్కుంటాయి, వాపు కూడా దిగదు. కట్టు తడవకూడదు కాబట్టి స్నానానికి ప్లాస్టిక్ కవరు, ఆ కవరు మూతి దగ్గర రబ్బరు బ్యాండు, అదీ బిగించకుండా.

కుట్లు 12వ రోజున తీశారు. అప్పటిదాకా తిండి చెంచాతోనే. తర్వాత చేత్తో అన్నం కలిపితే చిటికెన వేలికి వేడి తగిలింది, చూపుడు వేలి కొసకు తెలియలేదు. చిటికెన వేలు వేరే నరం కింద ఉంటుంది మరి. స్పర్శ తిరిగొచ్చేదాకా వేడి గిన్నెల్ని చిటికెన వేలితోనే చూసుకోవడం మంచిది, తెలియకుండా కాల్చుకునే ప్రమాదం నిజంగా ఉంది.

అందరూ భయపడేది ఆ తర్వాతే. చెయ్యి ఆనించి మంచం మీంచి లేవబోతే అరచేతి మొదట్లోని రెండు దిబ్బల్లో కలుక్కుమంటుంది. బొటనవేలి కండ, చిటికెన వేలి కండ రెండూ ఆ లిగమెంట్‌నే పట్టుకుని ఉంటాయి. దాన్ని కోశాక కొన్నాళ్లు నొప్పి తప్పదు. చాలామందికి 3 నుంచి 6 నెలల్లో తగ్గుతుంది. నేను 6 వారాలు బట్టలు పిండలేదు, చపాతీ పిండి పిసకలేదు, బండి నడపలేదు, నిండు బిందె ఎత్తలేదు.

గాయం పూర్తిగా మూసుకున్నాక, మూడో వారం నుంచి, కొబ్బరినూనెతో మచ్చమీద గుండ్రంగా నొక్కి రుద్దుకోవాలి, పూటకు 5 నిమిషాలు, రోజుకు మూడు పూటలు. మచ్చ ముట్టుకుంటే జివ్వుమంటుంటే గిన్నెడు బియ్యంలో చెయ్యి పెట్టి కాసేపు కదపాలి. మెత్తటి గుడ్డతో మొదలుపెట్టి తువ్వాలు, తర్వాత బియ్యం, ఈ వరసలో అలవాటవుతుంది.

ఎరుపు, చీము, జ్వరం, రోజురోజుకూ పెరిగే నొప్పి, వేళ్లు వాచి బిగుసుకోవడం, ఇంతకుముందు లేని తిమ్మిరి: వీటిలో ఏది కనిపించినా చికిత్స చేసిన డాక్టరు దగ్గరికి ఆ రోజే వెళ్లాలి. రాత్రి తిమ్మిరి అసలు తగ్గకపోతే లిగమెంట్ పూర్తిగా తెగలేదేమో, మెడ దగ్గర నరం నొక్కుకుంటోందేమో అడగాలి. షుగరుంటే కోలుకోవడం ఇంకా నెమ్మది.

3 నెలలకు పనుల మార్కు 12కి వచ్చింది, 6 నెలలకు 9. పచ్చడి సీసా మూత ఎడమచేతి సాయం లేకుండా తిరుగుతోంది. చూపుడు వేలి కొస ఇంకా కాస్త మొద్దుగా ఉంది. బాధ ప్రశ్నల్లో తిమ్మిరి గురించిన దానికి ఇప్పటికీ 2 వేస్తున్నాను.